ఎర్రగడ్డ వేరు, రెండు స్లైడ్లు: కణ విభజన అదుపు తప్పితే క్యాన్సర్ ఎలా పుడుతుందో పిల్లలకు చూపించే పద్ధతి

కర్నూలు జిల్లాలోని జూనియర్ కళాశాలల్లోను, ఉన్నత పాఠశాలల్లోను జీవశాస్త్రం చెప్పేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేరు కొనను నలిపి కణ విభజన దశలను సూక్ష్మదర్శినిలో చూపించడం ఏటా ప్రాక్టికల్స్‌లో జరిగే పనే. దశల పేర్లు రాయించి, రికార్డులో బొమ్మలు గీయించి, సంతకం పెట్టడంతో ఆ పని ముగిసిపోతుంది. క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా విభజన చెందడం అనే వాక్యం వేరొక పాఠంలో, చాలాసార్లు వేరొక అధ్యాపకుని నోట వస్తుంది. ఆ వాక్యాన్ని విన్న విద్యార్థి, వేగంగా విభజన చెందే కణమే క్యాన్సర్ కణమని అనుకొని ఊరుకుంటాడు.

అది పొరపాటు అభిప్రాయం. మన పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తదవుతుంది. ఎముక మజ్జ ఒక్క సెకనులో సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలను తయారు చేస్తుంది. కణితుల్లో చాలావాటి కణాలు ఇంత వేగంగా విభజన చెందవు. లోపం వేగంలో లేదు, ఆగవలసిన చోట ఆగకపోవడంలో ఉంది. దీన్ని నోటితో చెప్పడం కంటే కంటితో చూపించడం మేలు. అందుకు ఒక స్లైడు చాలదు. ఒకే వేరు నుంచి రెండు ముక్కలు తీసుకోవాలి: ఒకటి కొన నుంచి, మరొకటి కొనకు ఒక సెంటీమీటరు పైనుంచి. మొదటి స్లైడు అందరూ చేసేదే. అసలు పాఠం రెండవ స్లైడులో, ఏమీ జరగనట్లు కనిపించే ఆ స్లైడులో ఉంది.

గడ్డను ఎంచుకోవడం, వేర్లు పెంచడం

ఎర్రగడ్డకు కొదవలేని జిల్లా మనది కాబట్టి సామగ్రికి ఖర్చు ఉండదు. అయితే అప్పుడే పొలం నుంచి మార్కెట్ యార్డుకు వచ్చిన గడ్డ ఇంకా సుప్తావస్థలో ఉంటుంది కనుక వేర్లు వేయడానికి ఆలస్యం చేస్తుంది. కొన్ని వారాలు గాలికి ఆరిన, గట్టిగా ఉన్న చిన్న గడ్డలను తీసుకోవాలి. అడుగున మెత్తబడినదీ, నల్లబూజు పట్టినదీ పనికిరావు. పాత ఎండు వేర్లను బ్లేడుతో గీకి తీసేయాలి గాని, వాటికి ఆధారమైన పలుచని బిళ్ళ వంటి కాండానికి గాయం కాకూడదు, ఎందుకంటే కొత్త వేర్లు పుట్టేది అక్కడినుంచే.

ఒక గాజు గ్లాసులో నీళ్లు నింపి, గడ్డకు పక్కల మూడు పుల్లలు గుచ్చి, అడుగుభాగం మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు అంచుమీద నిలపాలి. గడ్డ సగం వరకు మునిగితే కుళ్లిపోతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక వెడల్పాటి పాత్రలో పోసి రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడుకోవడం మంచిది. మన ఊళ్లలో ఎండాకాలం గది లోపల కూడా నీరు వేడెక్కి, ఒక్క పూటలోనే జిగురు పడుతుంది. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం నీరు మార్చాలి, గ్లాసును ఎండ తగలని మూలలో పెట్టాలి. వీలుంటే ఈ ప్రయోగాన్ని వర్షాకాలానికో, చలికాలానికో పెట్టుకోవడమే నయం. తెల్లగా, నిటారుగా ఉన్న వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితే చాలు. గోధుమరంగుకు తిరిగిన వేర్లను తీసుకోకూడదు.

ఒక్కోసారి గడ్డ చూడడానికి నిగనిగలాడుతూ ఉన్నా ఎన్ని రోజులకూ వేరు సరిగ్గా పెరగదు. నిల్వలో మొలకెత్తకుండా గామా కిరణాలు సోకించిన గడ్డ అయితే అలా జరిగే అవకాశం ఉంది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి లాసల్‌గావ్‌లో ఈ పనికోసం ఒక కేంద్రమే ఉంది. గామా కిరణాలు విభజన చెందే కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. గడ్డ బతికే ఉంటుంది, తినడానికి బాగానే ఉంటుంది, కాని కొత్త కణాలు పుట్టవు. ఆసుపత్రిలో కణితికి రేడియేషన్ ఇవ్వడంలోని సూత్రమూ ఇదే. అటువంటి గడ్డ దొరికితే పారేయక, వేరు వేసిన గడ్డ పక్కనే పెట్టి పిల్లలకు చూపించండి.

వేరును స్థిరపరచడం

వేర్లను ఉదయం పూట కోయాలి. విభజనలో ఉన్న కణాలు ఆ వేళలో ఎక్కువగా దొరుకుతాయని ప్రయోగశాలల్లో అందరూ పాటించే పద్ధతి. కొనను మాత్రమే తుంచకుండా, వేరును రెండు సెంటీమీటర్ల పొడవున అలాగే కోసి, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు, ఇథైల్ ఆల్కహాల్ మూడు పాళ్లు కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచాలి. ఈ ద్రావణం కణాలను ఎక్కడివక్కడ, ఏ దశలో ఉన్నవాటిని ఆ దశలోనే నిలిపేస్తుంది. తరువాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి పెట్టుకుంటే కొన్ని వారాలపాటు వాడుకోవచ్చు. ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. నిన్నటిది పనికిరాదు.

మొదటి స్లైడు

వేరును వాచ్ గ్లాసులో నీటితో కడిగి, స్లైడు మీద పెట్టి, కొనవైపు చివరి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉంచుకోవాలి. మిగిలిన ముక్కను పారేయవద్దు, రెండవ స్లైడుకు అదే కావాలి. కొన మీద సజల హైడ్రోక్లోరికామ్లం ఒక చుక్క వేసి, సారాయి దీపం మీద నుంచి స్లైడును రెండు మూడుసార్లు అటూ ఇటూ కదుపుతూ కొద్దిగా వేడి చేయాలి. ఈ ఆమ్లం కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ పొరను కరిగిస్తుంది. ఇది సరిగా జరగకపోతే తరువాత ఎంత నొక్కినా కణాలు విడిపోవు. బ్లాటింగ్ పేపరుతో ఆమ్లాన్ని అద్ది తీసేసి, ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు ద్రావణం రెండు చుక్కలు వేసి, మళ్లీ గోరువెచ్చగా చేసి, పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. రంగు ఆరిపోతున్నట్లనిపిస్తే ఇంకొక చుక్క వేయాలి. ఉడికి బుడగలు వస్తే ముక్క పాడైనట్లే.

ఈ దశలో వట్టి కంటితోనే ఒక విషయం గమనింపజేయవచ్చు. కొన ముదురు ఎరుపుగాను, దాని వెనుక భాగం లేత గులాబీగాను మారుతుంది. కార్మిన్ పట్టుకొనేది ముఖ్యంగా క్రోమోజోములలోని పదార్థాన్ని. కొనలో కణాలు చిన్నవి, కిక్కిరిసి ఉంటాయి, కణంలో చాలా భాగాన్ని కేంద్రకమే ఆక్రమిస్తుంది కాబట్టి అక్కడ రంగు చిక్కబడుతుంది. ఇటువంటి దృశ్యమే, అంటే పెద్ద కేంద్రకాలతో కిక్కిరిసిన కణాల గుంపే, బయాప్సీ (రోగి నుంచి తీసిన ముక్క) స్లైడులో దాన్ని పరీక్షించే వైద్యుని, అంటే పాథాలజిస్టు కన్నును మొదట ఆకర్షిస్తుంది.

అదనపు రంగును అద్ది, ఒక చుక్క నీరు వేసి, గాలి బుడగలు చిక్కకుండా కవర్ స్లిప్‌ను ఏటవాలుగా దించాలి. దానిపై మడిచిన బ్లాటింగ్ పేపరు వేసి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పక్కకు జరపకూడదు, జరిపితే కణాలు చుట్టుకొనిపోయి దారాలలాగా కనిపిస్తాయి. సరిగా నొక్కిన స్లైడులో కణాలు ఒకే పొరగా పరుచుకొని ఉంటాయి. మొదట 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో చతురస్రాకారపు చిన్న కణాలున్న చోటు వెతికి, తరువాత 40 రెట్లకు మార్చాలి. సూక్ష్మదర్శిని ఒకటే ఉండి పిల్లలు 40 మంది ఉన్నప్పుడు, మొబైల్ ఫోన్ కెమెరాను ఐపీస్ మీద ఆనించి తీసిన ఫొటోను తెర మీద చూపించడం వరుసలో నిలబెట్టడం కంటే చాలా మేలు.

ఎర్రగడ్డకు 16 క్రోమోజోములు, పైగా అవి పెద్దవి. అందుకే ఈ పనికి దీన్ని ఎంచుకున్నారు. ప్రథమ దశలో అవి చిక్కుపడిన నూలులాగా, మధ్యస్థ దశలో కణం నడుమ ఒక వరుసగా, చలన దశలో రెండు ధ్రువాలవైపు విడిపోతూ, అంత్య దశలో రెండు ముద్దలుగా కనిపిస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లేవాన్ 1938లో ఎర్రగడ్డ వేర్ల మీదే రసాయనాల ప్రభావాన్ని పరీక్షించే పద్ధతిని వివరించాడు. ఆయనే 1956లో జో హిన్ జియోతో కలిసి మనిషి కణంలో ఉండేవి 46 క్రోమోజోములని ప్రకటించాడు. అంతవరకు అందరూ 48 అనే అనుకొనేవారు. లేవాన్ వాడిన కొల్చిసిన్ అనే రసాయనం మాత్రం విషం. దాన్ని తరగతి గదిలోకి తేవద్దు.

రెండవ స్లైడు

అదే వేరులో కొనకు సుమారు ఒక సెంటీమీటరు పైన రెండు మిల్లీమీటర్ల ముక్కను కోసి, ఇదే విధంగా స్లైడు చేయాలి. ఇక్కడి కణజాలం గట్టిది కాబట్టి ఆమ్లంలో కొంచెం ఎక్కువసేపు ఉంచాలి, సూదులతో నిలువునా చీల్చి మరీ నొక్కాలి. చూస్తే కణాలు పొడవుగా సాగి, కేంద్రకం ఒక పక్కకు ఒదిగి, లోపలంతా రిక్తికతో, అంటే ద్రవం ఉన్న సంచితో నిండి ఉంటాయి. ప్రథమ దశ గాని, మధ్యస్థ దశ గాని దాదాపుగా కనిపించవు. పిల్లలు స్లైడు చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదని చెప్పి, లెక్క పెట్టించాలి.

ఒక్కొక్క స్లైడులో వేర్వేరు చోట్ల కలిపి 200 కణాలను లెక్కించి, వాటిలో విభజన దశలో ఉన్నవి ఎన్నో రాయించాలి. విభజనలో ఉన్నవి 18 అయితే విభజన సూచిక 9 శాతం. కొన స్లైడులో ఈ సంఖ్య గడ్డను బట్టి, వేళను బట్టి మారుతుంది కాబట్టి అందరికీ ఒకే జవాబు రావాలని పట్టుబట్టకూడదు. పై ముక్కలో అది సున్నాకు దగ్గరగా ఉంటుంది. ప్రథమ దశ ప్రారంభమో, రెండు విభజనల నడుమ ఉండే అంతర్దశ చివరో తేల్చలేని కణాలు కొన్ని ఉంటాయి; వాటిని ఎలా లెక్కించాలో మొదలుపెట్టకముందే తరగతి మొత్తం ఒక నియమం పెట్టుకోవాలి.

లెక్క ముగిశాక అడగవలసిన ప్రశ్న ఒక్కటే. రెండు ముక్కలూ ఒకే వేరువి, రెండింటి కణాల్లోనూ అవే 16 క్రోమోజోములు, అవే జన్యువులు. పై కణాలు కూడా కొద్ది రోజుల క్రితం కొనలో విభజన చెందినవే. మరి వాటిని ఆపింది ఎవరు? ఈ ప్రశ్నకు పిల్లలు తడుముకొని ఏదో ఒకటి చెప్పేదాకా అధ్యాపకులు మాట్లాడకుండా ఉండాలని నా సలహా.

ఆపే యంత్రాంగం

జవాబు చెప్పేటప్పుడు రెండు రకాల అదుపులను విడదీసి చెప్పాలి. ఒకటి బయటినుంచి వచ్చే సందేశం. మొక్కలో ఆక్సిన్, సైటోకైనిన్ వంటి హార్మోన్లు, మన శరీరంలో పెరుగుదల కారకాలనే ప్రోటీన్లు, పక్కకణాల స్పర్శ ఈ పని చేస్తాయి. చర్మం తెగినప్పుడు గాయపు అంచుల్లోని కణాలు విభజన మొదలుపెట్టి, గాయం పూడగానే మానుకొంటాయి. రెండవది కణం లోపలి తనిఖీ. డీఎన్‌ఏ నకలు తీయడానికి ముందు ఒకసారి, విభజనకు దిగే ముందు ఒకసారి, మధ్యస్థ దశలో మరొకసారి కణం తన్ను తాను పరీక్షించుకొంటుంది. మధ్యస్థ దశలోని తనిఖీ మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో కండక్టరు వంటిది: ఒక్క ప్రయాణికుడి కాలు ఇంకా నేల మీద ఉన్నా "రైట్ రైట్" అనడు, అనేదాకా బండి కదలదు. ఒక్క క్రోమోజోము కండె తంతువుకు, అంటే దాన్ని ధ్రువంవైపు లాగే దారానికి అతుక్కోకుండా మిగిలినా అది ఆగమనే సంకేతం పంపుతూనే ఉంటుంది. ఈ నియంత్రణను ఈస్టు కణాల్లోను, సముద్రపు అర్చిన్ గుడ్లలోను ఛేదించినందుకే లేలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్, టిమ్ హంట్‌లకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

తప్పు దొరికితే కణం మూడింటిలో ఒకటి చేస్తుంది: ఆగి మరమ్మతు చేసుకొంటుంది, లేదా శాశ్వతంగా విభజన మానేస్తుంది, లేదా తన్ను తానే చంపుకొంటుంది. ఈ నిర్ణయాల్లో పెద్ద పాత్ర పీ53 అనే ప్రోటీనుది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ ప్రోటీనుకు సంబంధించిన జన్యువు చెడిపోయి ఉంటుంది.

అదుపు అంచెలంచెలుగా తప్పడం

ఇక్కడ తొందరపడకూడదు. ఒక్క దెబ్బతో క్యాన్సర్ పుట్టదని పిల్లలకు గట్టిగా తెలియాలి. ఒక్కసారి విభజన జరగాలంటే మనిషి కణం సుమారు 600 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలకు నకలు తీయాలి. సరిదిద్దే ఎంజైములు ఎంత జాగ్రత్తగా ఉన్నా అరుదుగా ఒక తప్పు మిగిలిపోతుంది. పొగాకు పొగలోని రసాయనాలు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ తప్పుల సంఖ్యను పెంచుతాయి. తప్పుల్లో ఎక్కువ భాగం ఏ హానీ చేయని చోట్ల పడతాయి. విభజనను నడిపే జన్యువుల మీద పడితేనే కథ మొదలవుతుంది.

ఆ జన్యువులు రెండు తరగతులు. విభజించు అని చెప్పే రాస్ వంటి జన్యువులో చిన్న మార్పు వస్తే అది బయటి సందేశం లేకపోయినా చెబుతూనే ఉంటుంది. కణంలో ఆ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు. ఆగు అని చెప్పే ఆర్‌బీ వంటి జన్యువులో సాధారణంగా రెండు ప్రతులూ చెడాలి. పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కేసులను లెక్కగట్టి ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 1971లో ఈ రెండు దెబ్బల సిద్ధాంతాన్ని చెప్పాడు: పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్న పిల్లలకు జబ్బు త్వరగా, తరచుగా రెండు కళ్లలోనూ వస్తుంది, లేనివారికి ఆలస్యంగా, ఒక కంటిలోనే వస్తుంది. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరుస్తుంటే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలన్న మాటను కూడా ఈ సందర్భంలోనే చెప్పండి, అది ఎవరో ఒకరి ఇంట్లో పనికొస్తుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఈ పనిని ఒక వైరస్ చేస్తుంది. హెచ్‌పీవీ అనే ఆ వైరస్ తయారుచేసే రెండు ప్రోటీన్లలో ఒకటి పీ53ను నాశనం చేస్తుంది, మరొకటి ఆర్‌బీని పనిచేయనివ్వదు. అంటే జన్యువులు బాగానే ఉన్నా వాటి ప్రోటీన్లు లేనట్లే అవుతాయి. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. ఆడపిల్లలు కూర్చున్న తరగతిలో ఈ విషయాన్ని దాటవేయడం నాకు సమ్మతం కాదు.

క్రోమోజోములు చూసిన పిల్లలకు బాగా పట్టే ఉదాహరణ మరొకటి ఉంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల రక్తకణాల్లో ఒక క్రోమోజోము మామూలు కంటే పొట్టిగా ఉందని 1960లో అమెరికా శాస్త్రవేత్తలు నోవెల్, హంగర్‌ఫర్డ్ గమనించారు. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ అతుకు దగ్గర పుట్టిన కొత్త ప్రోటీను ఆగకుండా విభజన సంకేతం ఇస్తుంది. దాన్ని అడ్డుకొనే ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. సూక్ష్మదర్శినిలో చూసిన ఒక ఆకారం నుంచి మాత్ర దాకా పట్టిన కాలం 41 ఏళ్లు.

బల్ల మీద సుద్దముక్కతో చేయవలసిన లెక్క

ఒకటి నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోమనండి. పదిసార్లకు 1,024, ఇరవైసార్లకు పది లక్షలు దాటుతుంది, ముప్పైసార్లకు సుమారు 107 కోట్లు. వంద కోట్ల కణాలంటే దాదాపు ఒక సెంటీమీటరు గడ్డ, చేతికి తగిలేది అప్పుడే. మరి పదిసార్లు రెట్టింపైతే లక్ష కోట్లు, కిలో బరువు. అంటే చేతికి తగిలేసరికే కణితి తన దారిలో ముప్పావు భాగం నడిచి ఉంటుంది. ఒక్కో రెట్టింపుకు 100 రోజులు పడుతుందనుకుంటే ముప్పై రెట్టింపులకు ఎనిమిదేళ్లు పైమాటే. నిజానికి మధ్యలో ఎన్నో కణాలు చనిపోతాయి, వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా గుట్కా, ఖైనీ, బీడీ అలవాటుకూ, నోటిలో మానని పుండుకూ మధ్య ఎందుకు ఏళ్లు గడుస్తాయో, "మా తాతకు ఏమీ కాలేదు కదా" అన్న వాదన ఎందుకు నిలవదో ఈ లెక్క కొంత వివరిస్తుంది.

ఎర్రగడ్డ చెప్పలేని విషయం

విస్తరణ గురించి మాత్రం వేరు ఏమీ చెప్పలేదు. మొక్క కణాలకు గట్టి కణకవచం ఉంది, పక్కకణాలతో అతుక్కొని ఉంటాయి, ఎక్కడికీ కదలలేవు. మొక్కలకూ కణితులు వస్తాయి. ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా సోకితే కాండం మీద బుడిపెలు లేస్తాయి. కాని అవి వేరేచోటికి పాకి మొక్కను చంపే జబ్బుగా మారవు. మన శరీరంలో క్యాన్సర్ కణం తన పొర అడుగునున్న పలుచని పటలాన్ని కరిగించి, రక్తనాళాల్లోకో, శోషరస నాళాల్లోకో దిగి, ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో తేలి స్థిరపడగలదు. కొవ్వు గడ్డకూ, క్యాన్సర్ గడ్డకూ తేడా పరిమాణంలో లేదు, ఈ దాటిపోయే గుణంలో ఉంది. ఈ భాగానికి బల్ల మీది బొమ్మే గతి.

మందులు ఎక్కడ పనిచేస్తాయో కలపడం

మొదటి స్లైడును మళ్లీ పెట్టించి, ఏ మందు ఏ దశ దగ్గర దెబ్బ కొడుతుందో వేలు పెట్టి చూపించండి. ఇంటి ముందు కుండీల్లో, గుడి ఆవరణల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ కండె తంతువులను ఏర్పడనివ్వదు, కణం మధ్యస్థ దశ దగ్గరే చిక్కుకుపోతుంది. ఆకు నమిలితే మందు కాదు, విషమని ఆ వెంటనే చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధనలనుంచి వచ్చిన అమినోప్టెరిన్, డీఎన్‌ఏ తయారీకి అవసరమైన ఫోలిక్ ఆమ్లానికి పోటీగా నిలిచి అంతర్దశలోనే నకలు పనిని ఆపుతుంది. దానితో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించాడు. దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ మందులకు క్యాన్సర్ కణమేదో, మామూలుగా విభజన చెందే కణమేదో బొత్తిగా తెలియదు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. వేగం వేరు, అదుపు వేరు అని మొదట చెప్పినదానికి రోగి శరీరమే సాక్ష్యం.

పాథాలజిస్టులు కూడా తరగతిలో చేసిన లెక్క వంటిదే చేస్తారు. రొమ్ము క్యాన్సర్ గ్రేడును తేల్చేటప్పుడు గ్రంథి ఆకారం ఎంత నిలిచి ఉంది, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విభజనలో ఉన్న కణాలు ఎన్ని అని మూడింటికీ ఒకటి నుంచి మూడు చొప్పున మార్కులు వేసి కూడతారు. మొత్తం 5 వరకు ఉంటే మొదటి గ్రేడు, 6 లేదా 7 అయితే రెండవది, 8 లేదా 9 అయితే మూడవది. గ్రేడు, స్టేజి ఒకటి కావు: గ్రేడు కణాల తీరును, స్టేజి జబ్బు పాకిన దూరాన్ని చెబుతాయి. కర్నూలు వైద్య కళాశాల 1956 నుంచి ఉన్న సంస్థ. ముందుగా అనుమతి తీసుకొని అటువంటి కళాశాల పాథాలజీ విభాగంలో ఒక పూట స్లైడ్లు చూపించగలిగితే పిల్లలకు ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్నలకు సిద్ధపడడం

తరగతిలో ఎవరో ఒకరి ఇంట్లో రోగి ఉండవచ్చునని ముందే అనుకొని మాట్లాడాలి. ఎవరినీ పేరుపెట్టి అడగకూడదు, బతికే అవకాశం ఇంత అని అంకెలు చెప్పకూడదు. అంటుతుందా అని తప్పకుండా అడుగుతారు: అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు, కొన్ని క్యాన్సర్లకు కారణమైన వైరస్‌లు అంటుకొంటాయి, అది వేరే సంగతి. వంశపారంపర్యమా అంటే, పుట్టుకతో వచ్చిన జన్యులోపం బలమైన కారణమయ్యేవి నూటికి ఐదు నుంచి పది వరకేనని చెప్పవచ్చు. "కత్తి పెడితే పాకుతుంది" అన్న మాట మన పల్లెల్లో బలంగా ఉంది. సూది పరీక్ష వల్ల జబ్బు పాకడం చాలా అరుదనీ, పరీక్షకు భయపడి ఆలస్యం చేసినవారికే నష్టం జరుగుతుందనీ వివరించాలి. ఖర్చు సంగతి అడిగితే, ఒకప్పటి ఆరోగ్యశ్రీ అయిన ఎన్టీఆర్ వైద్యసేవలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయనీ, కార్డు తీసుకొని ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను కలవమనీ చెప్పి పంపండి.

రికార్డులో ఎడమ పేజీన మొదటి స్లైడు, కుడి పేజీన రెండవ స్లైడు గీయించి, రెండింటి కింద లెక్కలు వేయించాలి. ఖాళీగా కనిపించే కుడి పేజీకి మార్కులు తగ్గించకూడదు. మిగిలిన స్థిరీకరణ ద్రావణాన్ని సారాయి దీపం దగ్గర పెట్టవద్దు, ఆల్కహాల్ అంటుకొంటుంది. ఆమ్లాన్ని బాగా నీరు కలిపి సింకులో పోయించి, రంగు అంటిన స్లైడ్లను ఆరిపోకముందే కడిగించాలి. కార్మిన్ ఒకసారి ఎండితే గాజును వదలదు.